కాలిబంటు చెప్పిన చరిత్ర

క్రీస్తుపూర్వము 401వ సంవత్సరమున, పారసీక సింహాసనముకొఱకు అన్నపై తిరుగబడిన సైరసు రాకుమారునికి జీతమునకు కుదిరి, బాబిలోనుకు చేరువనున్న కునాక్సా రణభూమివఱకు నడచిపోయిన పదివేలకు పైబడిన గ్రీకు సైనికులు, తమ్ము పిలిచిన ప్రభువు ఆ పోరున కూలిపోగా, తమ సేనానులు శత్రువుల వంచనకు బలికాగా, దిక్కులేనివారై, ఉత్తరముగా కొండలు కోనలు దాటి నల్లసముద్రతీరమును చేరుకొనిన వృత్తాంతమును వారిలో నొకడైన జెనొఫన్ వ్రాసి యుంచెను. ఆ గ్రంథమును చదివినవారికి కునాక్సా పోరాటము అంతగా మనసున నిలువదు. ఆర్మీనియా మంచులో ఆ సైనికుల పాదములు పడిన యాతన మాత్రము మఱపునకు రాదు. పాతచెప్పులు అరిగిపోగా, అప్పుడే ఒలిచిన ఎద్దుతోళ్లను చెప్పులుగా కుట్టుకొని తొడిగిన ఆ మనుష్యులు రాత్రి వానిని విప్పక నిద్రించినచో, వార్లు మాంసములోనికి దిగిపోయి, పచ్చితోలు గడ్డకట్టి పాదమునకు అంటుకొనిపోయెడిది. మంచు తెల్లదనమునకు చూపు చెడకుండ నల్లని వస్తువు నేదైనను కన్నులయెదుట పట్టుకొని నడవవలెననియు, పాదములను ఊరక నిలుపక కదలించుచుండవలెననియు, పరుండునప్పుడు చెప్పులు విప్పవలెననియు అతడు వైద్యుని శ్రద్ధతో చెప్పుచున్నాడు. సముద్రము చేరిన పిమ్మట లెక్కించుకొనగా వారు 8,600 మంది మిగిలిరి.

ఇది చిన్న విషయముగ తోచవచ్చును గాని, సైనికులు వ్రాసిన యుద్ధస్మృతులను కాలక్రమమున చదువుచు వచ్చినవానికి, ఇరువదిమూడు శతాబ్దుల పొడవునను ఈ పాదముల ప్రస్తావన మరల మరల ఎదురగుచునే యుండును. ఈటె పోయి తుపాకి వచ్చినది, ఫిరంగి వచ్చినది, విమానము వచ్చినది. నడచువాని కాలికి పుట్టిన బొబ్బ మాత్రము అట్లే యున్నది. సేనాపతి వ్రాసిన గ్రంథమున దేశము పటమువలె పఱచుకొని యుండగా, కాలిబంటు వ్రాసిన గ్రంథమున అదే దేశము బురదగా, ఱాళ్లుగా, ఎక్కలేని మిట్టగా, దాటలేని ఏఱుగా కానవచ్చును. ఎవరు గెలిచిరో మొదటిదానివలన తెలియును. ఆ గెలుపునకు ఎవరి శరీరములు ఎంత వెల చెల్లించినవో రెండవదానివలన గాని తెలియదు. నా మట్టునకు ఈ రెండవ తెగ గ్రంథములే చరిత్రకారునికి ఎక్కువ విలువైనవి. ఐనను వానిని ఎవరు, ఎప్పుడు, ఎవరి ప్రేరణమున వ్రాసిరో, ఎవరి కథలు వ్రాయబడకయే పోయినవో విచారించినగాని ఆ విలువ చేతికి చిక్కదు.

సేనానుల గ్రంథములను గూర్చి ఇచట విస్తరింపను. జూలియస్ సీజరు గాల్ దేశమున తాను జరిపిన దండయాత్రలను ఏడు కాండములుగా రచించి, అందు తన్ను ‘నేను’ అనక ‘సీజరు’ అనియే పేర్కొనెను. ఆ వచనము నిర్మలమైనది, కాని దాని లోపల మాటాడునది తన పక్షమును తానే వాదించుకొను న్యాయవాది. అమెరికా అంతర్యుద్ధమున ఉత్తరసేనలను నడిపిన గ్రాంటు, రాచపుండు గొంతును తినివేయుచుండగా, అప్పులపాలైన కుటుంబమునకు ఆధారము కల్పింపవలెనని పట్టుదలతో వ్రాసి, 1885 జులై 23న మరణించుటకు కొలది దినములముందు ముగించిన గ్రంథము ఈ తెగలో నేను మిక్కిలి గౌరవించునది. ఓడినవారియెడ అందు కక్ష లేదు. ఐనను అతడు చూచినది సేనాపతి స్థానమునుండి కనబడిన యుద్ధము. అదే యుద్ధమున దక్షిణపక్షమున సామాన్య సైనికుడుగా నడచిన టెన్నెస్సీవాడు శామ్ వాట్కిన్స్ 1882లో ప్రకటించిన స్మృతులలో, తన దళమున మొదట చేరిన 120 మందిలో తుదకు ఏడుగురు మిగిలిరని చెప్పిన వాక్యము, ఎన్ని సేనాపతుల ప్రణాళికలు చదివినను కలుగని ఎఱుకను కలిగించును.

కాలిబంటు తన కథను తానే చెప్పుకొనుటకు ఎట్టి పంతము పట్టగలడో తెలియవలెనన్నచో బెర్నాల్ దియాస్ గ్రంథమును చూడవలెను. 1519లో కోర్తెసు వెంట మెక్సికో దేశమునకు పోయిన ఇంచుమించు అయిదువందల స్పెయిను సైనికులలో ఇతడొకడు. ఆ దేశము స్పెయిను వశమైన మూడు దశాబ్దులకు, మెక్సికో గడ్డపై ఎన్నడును అడుగిడని గోమరా అను మతాచార్యుడు 1552లో ఒక చరిత్రను ప్రకటించి, జయమునంతను కోర్తెసు ఒక్కనికే కట్టబెట్టెను. గ్వాటెమాలాలో ముదుసలియై, తనతో భుజము కలిపి పోరాడినవారు ఒక్కరొక్కరుగా రాలిపోవుచుండగా, దియాసు ఆ చరిత్రను చదివి, ‘మేము’ అను మాటకు అందు చోటు లేకపోవుట సహింపలేక, తానే వ్రాయ పూనుకొనెను. ఓడలపై తమతో వచ్చిన పదునాఱు గుఱ్ఱములను, ఏది ఏ రంగుదో, ఏది చుఱుకైనదో, ఏది ఎవరిదో, ఇంచుమించు ఏబదియేండ్లు గడచిన తరువాత వరుసగా చెప్పినాడు. చదువరికి అది మొదట విసుగు కలిగింపవచ్చును. కాని ఆ పదునాఱు గుఱ్ఱములే ఆ కొలదిమంది ప్రాణములకు కాపుగా నిలిచిన దినములు కలవు. ప్రాణము నిలిపినదానిని మనిషి మఱచునా?

ఇంతకంటె నన్ను కదలించిన ఘట్టము వేఱొకటి కలదు. చెఱచిక్కిన తన తోడివారిని శత్రువులు ఆలయ సోపానములపైకి ఈడ్చుకొనిపోయి దేవతలకు బలియిచ్చుట కన్నులార చూచిన పిదప, అంతకుముందు లేని భయమొకటి ప్రతి పోరునకు ముందును తన్ను ఆవహించెడిదని, నూటపందొమ్మిది పోరులలో పాల్గొంటినని చెప్పుకొనిన ఆ వీరుడు సంకోచింపక వ్రాసినాడు. ముసలితనమున కూడ తాను పాన్పుపై దుస్తులు విప్పి నిద్రింపజాలననియు, రాత్రివేళ లేచి ఆకాశమును నక్షత్రములను చూచుచు కొంత తడవు తిరుగాడనిదే తనకు కుదురు లేదనియు చెప్పుకొనెను. నేటి వైద్యులు పెద్ద పేళ్లు పెట్టి వివరించు రోగమును పదునాఱవ శతాబ్ది సైనికుడు తన అలవాటుగా చెప్పి ఊరకున్నాడు. అతడు 1584లో మరణించెను. గ్రంథము 1632లో గాని మాడ్రిడ్‌లో అచ్చుపడలేదు.

ఐనను అతని ‘మేము’లో ఆ దేశమువారికి చోటు లేదు. దియాసు నిజాయితీపరుడే, నిజాయితీ వేఱు, సమగ్రత వేఱు. సహగూన్ అను సన్న్యాసి ఆ దేశపు నహువా జాతి పెద్దలచేత వారి భాషయందే చెప్పించి వ్రాయించిన మహాగ్రంథమున పండ్రెండవ భాగము ఈ దండయాత్రను ఓడినవారి నోట వినిపించుచున్నది. 1520లో ఆ దేశమున వ్యాపించి, మనుష్యులను పడకనుండి కదలనీయక చంపిన మశూచికమును వారు చెప్పిన తీరును చదువక దియాసు గ్రంథమును మాత్రమే చదివినవానికి మెక్సికో పట్టణము ఎట్లు కూలినదో సగమే తెలియును.

దియాసు తన చేతితో తాను వ్రాసికొనగలిగిన అదృష్టవంతుడు. చరిత్రలో ఎక్కువమంది కాలిబంట్లకు ఆ శక్తి లేదు. 1808లో ఫ్రెంచివారితోడి పోరునకై పోర్చుగల్‌లో దిగిన ఆంగ్లసేనలో బెంజమిన్ హారిస్ అను రైఫిల్ సైనికుడుండెను. డార్సెట్ సీమలో గొఱ్ఱెలు కాచిన బాల్యము, చెప్పులు కుట్టు వృత్తి అతనివి. పటాలమునకు చెప్పులు బాగుచేయు పని అతనిపై పడుటచే, తుపాకి, తూటాలు, దుప్పటి గాక సుత్తి, కత్తి, తోళ్లు మొదలగు సామగ్రినంతను వీపుసంచిలో మోయుచు నడచెను. ఆ సంచి బరువును తలచికొనిన ప్రతి చోటను అతని మాటలో నేటికిని కసి వినబడును. ఆ శీతకాలమున స్పెయిను కొండలమీదుగా వీగో రేవువఱకు జరిగిన పలాయనమున, సైనికులు చెప్పులు లేక నెత్తురు కారు కాళ్లతో నడచుట, వారి భార్యలును బిడ్డలును దారిపొడవున కూలిపోవుట, నిండుచూలాలైన ఒక సైనికుని భార్య మంచులో వెనుకబడి, అందఱును ఆమెపై ఆశ వదలుకొనిన పిమ్మట, అప్పుడే పుట్టిన పసికందును ఎత్తుకొని దళమును కలిసికొనుట మనకు తెలిసినదన్నచో, అందులకు కారణము హారిసుకు చదువువచ్చుట కాదు. ఏండ్ల తరువాత లండనులో చెప్పులు కుట్టుకొని బ్రదుకుచున్న అతనిచేత కర్లింగ్ అను సేనాధికారి చెప్పించుకొని వ్రాసికొని, 1848లో ప్రకటించుటయే కారణము. అట్టి కర్లింగులు దొరకని హారిసులు ఎందఱో లెక్కింప శక్యము గాదు.

వేఱొకని చేతిలో కలమున్నప్పుడు సందేహమును వెంట వచ్చును. మన దేశమున ఈ సందేహమునకు గుఱియైన ప్రసిద్ధ గ్రంథము సీతారామ్ పాండే అను ఔధ్ బ్రాహ్మణ సిపాయి కథ. 1812లో ఈస్టిండియా కంపెనీ కొలువున చేరి, నేపాల యుద్ధము మొదలు పిండారీలతోడి పోరు, భరతపురపు ముట్టడి, కాబూలు, పంజాబు యుద్ధములు చూచి, సిపాయిల తిరుగుబాటు ముగిసిన పిమ్మట ముదిమియందు సుబేదారుగా పింఛను పుచ్చుకొనినవాడట ఇతడు. నార్గేటు అను ఆంగ్ల సేనాధికారి, సీతారాముడు వ్రాసికొనినదానికి అనువాదమని చెప్పి, దీనిని 1873లో లాహోరున అచ్చువేయించెను. మూలప్రతి లభింపలేదు. పిమ్మట ఆ ఆంగ్లప్రతియే హిందుస్తానీలోనికి మార్పబడి, తెల్లదొరలకు భాషాపరీక్షలలో పాఠ్యగ్రంథమయ్యెను. ఇది నిజముగా సిపాయి మాటయా, సిపాయి ఎట్లు మాటాడవలెనని దొరలు కోరుకొనిరో ఆ మాటయా అని పండితులు వాదించుకొనిరి; ఆ వాదము తెగలేదు.

నేనీ గ్రంథమును పూర్తిగా నమ్మను, పూర్తిగా త్రోసివేయను. కంపెనీ ప్రభువులను పొగడు వాక్యములను పక్కనుంచి, పరాయివాడు కల్పింపజాలని చోట్లను వెదకవలెను. సెలవుపై ఇల్లు చేరిన జమేదారు మేనమామ మెడలోని బంగారుపూసల పేరును, ఎఱ్ఱని అంగీకి గల మెఱుగు గుండీలను చూచి పల్లెబాలునికి పుట్టిన ఆశ అట్టిది. కాబూలునుండి వెనుదిరిగిన సేన నాశనమైన 1842నాటి చలిలో పట్టువడి, బానిసగా అమ్ముడుపోయి, తప్పించుకొని ఇల్లు చేరినవానిని, సింధునది దాటి మ్లేచ్ఛుల నడుమ బ్రదికినాడని స్వకులమువారే వెలివేయుట, ధనము వెచ్చించి ప్రాయశ్చిత్తము చేసికొనువఱకు గడప త్రొక్కనీయకుండుట అట్టిది. కొలువునకై కులమును పోగొట్టుకొనిన సిపాయి, కులముకొఱకు కొలువులో గడించినదానిని వెచ్చింపవలసి వచ్చెను. ఇక 1857 అల్లకల్లోలమున, పట్టువడిన తిరుగుబాటుదారులను కాల్చు దళమునకు నాయకత్వము వహింపుమని తనకు ఆజ్ఞ వచ్చినప్పుడు, ఆ బందీలలో తన కొడుకు కానవచ్చెనని చెప్పిన ఘట్టము నిజమో కల్పనమో నిర్ణయింపలేము గాని, ఒకే ఇంటివారు రెండు పక్షములకు చీలిన ఆ సంవత్సరమున అట్టిది జరుగరానిదని మాత్రము చెప్పజాలము.

మొదటి ప్రపంచయుద్ధమున ఫ్రాన్సుకు పోయిన భారతీయ సిపాయిలు తామై గ్రంథములు వ్రాయుట అరుదు. వారు ఉత్తరములు వ్రాయించిరి. వానిని తెఱచి చదువుటకు ప్రభుత్వము ఒక కార్యాలయమును నెలకొల్పగా, ఆ అధికారులు ఆంగ్లమున ఎత్తి వ్రాసికొనిన భాగములే నేడు మనకు మిగిలినవి. నిఘా పెట్టినవాడే నిక్షేపమును కాపాడినవాడయ్యెను. చదువుచున్నారని ఎఱిగిన సిపాయిలు నల్లమిరియములు తఱిగిపోయినవనియు, ఎఱ్ఱమిరపకాయలు ఇంకను ఉన్నవనియు వ్రాసి, చనిపోవుచున్నవారెవరో, మిగిలియున్నవారెవరో ఇంటివారికి తెలియజేయ జూచిరి.

అదే యుద్ధమున మెసపొటేమియాకు పోయిన వంగీయ వైద్యసహాయక దళమున సామాన్యుడుగా పనిచేసిన శిశిర్ ప్రసాద్ సర్వాధికారి ‘అభి లే బాగ్దాద్’ అను పేర వంగభాషలో ప్రకటించిన గ్రంథము మన దేశపు యుద్ధస్మృతులలో మిక్కిలి ఉత్తమమైనదని నా నమ్మకము. బాగ్దాదునకు చేరువనున్న తెసిఫాన్ వద్ద పోరు విఫలమై వెనుకకు మరలిన ఆంగ్లసేన 1915 డిసెంబరు 7 మొదలు 1916 ఏప్రిల్ 29 వఱకు కూట్ పట్టణమున తురుష్కుల ముట్టడికి లోబడియుండెను. తిండి నానాటికి తగ్గెను. గుఱ్ఱపుమాంసము ముట్టుటకు మతము అడ్డురాగా పలువురు భారతీయ సిపాయిలు పస్తులుండి కృశించిరి. లొంగిపోయిన పిమ్మట బందీలను ఎడారిమీదుగా నడిపించిరి. దినచర్య పుటలను శిశిర్‌బాబు తన బూట్లలో దాచుకొని ఆ దారి నడచెను. రాస్ అల్ ఐన్ మొదలగు చోట్ల ఆర్మీనియనుల ఊచకోత చిహ్నములను చూచి, అధిక్షేపమునకు దిగక, కన్నది కన్నట్లు వ్రాసెను. తన్ను చెఱపట్టిన తురుష్క సైనికులు తమ యిండ్లను గూర్చి, తమ కష్టములను గూర్చి చెప్పికొనిన మాటలను సైతము దయతో పదిలపఱచెను. ఆ దినచర్య గ్రంథరూపమున వెలువడుటకు ఇంచుమించు నాలుగు దశాబ్దులు పట్టినది.

అనుభవమునకును గ్రంథమునకును నడుమ గల ఈ కాలవ్యవధిని చదువరి ఎప్పుడును గమనింపవలెను. రెండవ ప్రపంచయుద్ధమున పెలెలియు, ఒకినావా ద్వీపములలో పోరాడిన యూజీన్ స్లెడ్జ్ అను అమెరికను సైనికుడు, దినచర్య వ్రాయుట నిషిద్ధమగుటచే, జేబులోని బైబిలు పుటల నడుమ చిన్న కాగితపు ముక్కలపై గుర్తులు వ్రాసి దాచుకొనెను. జీవశాస్త్రోపాధ్యాయుడై బ్రదికి, 1981లో గాని ఆ గ్రంథమును ప్రకటింపలేదు. ఇందుకు పూర్తిగా విరుద్ధమైనది యోషిదా మిత్సురు కథ. 1945 ఏప్రిల్ 7న మునిగిపోయిన యమాతో అను జపాను యుద్ధనౌకపై మూడువేలకు పైబడిన నావికులలో బ్రదికి బయటపడినవారు మూడువందలకు లోపే. వారిలో నొకడైన ఈ ఇరువదిరెండేండ్ల యువకుడు కొలది నెలలకే ఆ కథను వ్రాసివేసెను. విజేతల పరిపాలనమున పరిశీలకులు అడ్డుపడుటచే 1952 వఱకు అది యథాతథముగ వెలువడలేదు. అతడు దానిని వాడుకభాషలో గాక పూర్వకాలపు గ్రాంథికశైలిలో వ్రాసెను. నిన్నటివఱకు పక్కన నిలిచియుండిన మృతులను గూర్చి చెప్పునప్పుడు సంతలో మాటాడు మాట చాలదని అతనికి తోచియుండవచ్చును. ఆ గౌరవబుద్ధి నాకు అర్థమగుచున్నది.

వెంటనే వ్రాసినది సత్యమనియు, ఆలస్యముగ వ్రాసినది అసత్యమనియు అనుకొనరాదు. ముసలి సైనికుడు తేదీలను తాఱుమాఱు చేయును, శత్రువుల సంఖ్యను పెంచును, తాను లేనిచోట జరిగినదానిని చూచినట్లు చెప్పును. వాసనలను, ఆకలిని, చలిని, పక్కన పడినవాని ముఖమును మాత్రము తప్పు చెప్పడు. యుద్ధమెట్లు నడచినదని అడిగినచో అతడు మంచి సాక్షి గాడు. ఆనాడు ఏమి తింటివి, ఎక్కడ పరుంటివి, ఎవనికి భయపడితివి అని అడిగినచో అతనికి మించిన సాక్షి లేడు.

అట్లు అడిగినవారు కొందఱు కలరు. స్వెత్లానా అలెక్సియేవిచ్ సోవియట్ సేనలో పోరాడిన స్త్రీల మాటలను వందలకొలది విని కూర్చిన గ్రంథము 1985లో వెలువడగా, మఱుసటి సంవత్సరమే, దానితో సంబంధములేకయే, స్త్రీ శక్తి సంఘటన అను మన హైదరాబాదు బృందము తెలంగాణ సాయుధపోరాటమున పాల్గొనిన స్త్రీల నోటిమాటలను ‘మనకు తెలియని మన చరిత్ర’ అను పేర ప్రకటించెను. రావి నారాయణరెడ్డి, నల్లా నరసింహులు వంటి నాయకులు తమ అనుభవములను తామే వ్రాసికొనిరి. కాని అడవిలో బిడ్డను మోసికొని తిరిగిన స్త్రీ, దళమునకు అన్నము వండిపెట్టిన స్త్రీ ఆ కాలమును ఎట్లు చూచినదో ఈ గ్రంథము లేనిచో మనకు తెలియకపోయెడిది. తెలుగున వెలువడిన పోరాటస్మృతులలో దీనికి నేను అగ్రస్థానమిత్తును.

దీనికి వెనుకనున్న కాలమును తలచినప్పుడు మనసు బరువగును. మద్రాసు సేనలో తమిళులతోను, ముసల్మానులతోను కలిసి ఉత్తర సర్కారుల తెలుగువారు తరతరములు కొలువు చేసిరి. 1799లో శ్రీరంగపట్టణపు కోటను ముట్టడించినది, 1824లో సముద్రము దాటి బర్మాకు పోయినది, 1841లో చైనాలోని కాంటను నగరపు బయలులో కుండపోతవానకు తడిసి ప్రేలని తుపాకులతో గ్రామస్థుల నడుమ చిక్కుకొనినది ఈ మద్రాసు సిపాయిలే. 1780 అక్టోబరు 3న, హైదరాలీతోడి యుద్ధమునకై ఓడ యెక్కి మద్రాసునకు పొమ్మనగా విశాఖపట్టణమున సిపాయిలు తిరుగబడి తమ అధికారులపై కాల్పులు జరిపిరి. ఇంతటి సంగతిని మనము తెలిసికొనునది కంపెనీవారి కాగితములవలననే. ఓడ నెక్కుటకు వారేల భయపడిరో, ఆనాడు తమలో తామేమి మాటాడుకొనిరో తెలుపు తెలుగువాక్యము ఒక్కటియు లేదు. బొబ్బిలి యుద్ధమునకు పాటగాండ్రు దొరికిరి, తాండ్ర పాపారాయని పేరు నిలిచినది. ఆ కోటగోడ వెంబడి నిలిచి కూలిన బంట్ల మాట మాత్రము వారితోనే పోయినది.

పోయినదానిని తేలేము. కాని పశ్చిమగోదావరిలోని మాధవరము వంటి ఊళ్లలో, రెండు ప్రపంచయుద్ధములకును బిడ్డలను పంపి ‘మిలిటరీ మాధవరము’ అని పేరుపడిన ఆ ఊరిలో, మఱి యెన్నో తెలుగుపల్లెలలో, 1965లోను 1971లోను పోరాడి వచ్చిన వృద్ధులు నేటికిని కొందఱున్నారు. వారి మనుమలకును, ఆ యూళ్ల ఉపాధ్యాయులకును నా విన్నపమిది. వారిని కూర్చుండబెట్టి, జయాపజయముల మాట విడిచి, నడచిన దారిని, తిన్న తిండిని, పక్కన పడినవారిని గూర్చి అడుగుడు. వారు పలికిన యాసలోనే, దిద్దక, తేదీ వేసి వ్రాయుడు. వ్రాసినదెవరో, చెప్పినదెవరో, ఏ పటాలమో స్పష్టముగ తెలుపుడు. ఒక ప్రతిని ఇంట నుంచుకొని, మఱియొక ప్రతిని వేటపాలెము సారస్వతనికేతనమునకో, రాజమహేంద్రవరపు గౌతమీ గ్రంథాలయమునకో, హైదరాబాదు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమునకో చేర్చుడు. ఈ పనిని వచ్చు సంవత్సరమునకు వాయిదా వేయకుడు.